పిడికెడు బియ్యం, హిడి అక్కి

ఈసారి పత్రికకు మీ వీధిలోనో ఊళ్ళోనో జరిగిన ఒక సంగతి రాయండని మా తెలుగు సార్ పదో తరగతి వాళ్ళందరికీ చెప్పినారు. ఒకరు ఊరి జాతర గురించి రాస్తామన్నారు. నా పక్కన కూర్చునే అమ్మాయి రంజాన్ నెలలో వాళ్ళ వీధిలో జరిగే ఇఫ్తార్ గురించి రాస్తానంది. నేను మా చర్చి గురించి రాస్తానన్నాను. "రాయి, అయితే ప్రసంగం రాయొద్దు. జరిగింది రాయి" అన్నారు సార్. కాబట్టి జరిగిందే రాస్తున్నాను. మధ్యలో ఎక్కడైనా ప్రసంగం లాగా వస్తే అది మా అవ్వ దగ్గర నుంచి వచ్చిన అలవాటు అనుకోండి.

మా పల్లె బళ్ళారికి తూర్పు పక్కన ఉంది. బస్సెక్కితే అర్ధగంటలో ఆంధ్ర బోర్డు కనపడుతుంది. మా చర్చికి వచ్చే ఇండ్లన్నీ కలిపి సంఘం అంటాం. మాది చిన్న సంఘమే, అరవై ఇండ్లు. సగం ఇండ్లల్లో తెలుగు, సగం ఇండ్లల్లో కన్నడ. అంగడికి పోయినప్పుడు అందరికీ రెండూ వస్తాయి. కాని దేవుని ముందర మోకరించినప్పుడు మాత్రం ఎవరి నోట్లో నుంచి వాళ్ళ అమ్మ భాషే వస్తుంది. అది నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నాను.

బళ్ళారి గురించి తెలియని వాళ్ళకు ఇది వింతగా ఉండవచ్చు. ఇక్కడ పుట్టినవాళ్ళకు వింత ఏమీ లేదు. బళ్ళారి జిల్లా ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజునే జిల్లా రెండుగా పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు ఆంధ్రకు పోయినాయి. బళ్ళారితో పాటు మిగిలిన తాలూకాలు మైసూరు రాష్ట్రంలో కలిసినాయి. మా అమ్మ పుట్టిల్లు ఆలూరు పక్కన. మా నాయన ఇక్కడివాడు. ఒకే జిల్లాలోని రెండు పల్లెల మధ్య రాష్ట్రం గీత వచ్చి పడిందే గాని పెండ్లిళ్ళు ఆగలేదు. పొద్దున టిఫిన్ కూడా ఒకటే. మేము ఉగ్గాని అంటాం, వాళ్ళు ఒగ్గరణి అంటారు. బొరుగులు అవే, మిరపకాయ బజ్జీ అదే.

ఇంత కలిసి ఉన్నవాళ్ళకు గొడవ ఎందుకు వచ్చింది అంటే, ఆదివారం పొద్దున రెండున్నర గంటల సేపు బెంచీ మీద కూర్చోవాల్సి రావడం వల్ల వచ్చింది. నవ్వకండి, నిజంగానే అక్కడే మొదలైంది.

నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు మా ఆరాధన ఎలా ఉండేదంటే, అయ్యగారు వాక్యం ఒక ముక్క తెలుగులో చెప్పేవారు, పక్కన ఒక అన్న నిలబడి దాన్ని కన్నడలో చెప్పేవాడు. మళ్ళీ ఒక ముక్క తెలుగు, మళ్ళీ కన్నడ. రెండూ వచ్చిన మాలాంటి పిల్లలకు ప్రతి మాటా రెండుసార్లు వినడమే. అప్పట్లోనే బళ్ళారిలో జీన్స్ కుట్టే పనికి వచ్చిన కొన్ని కుటుంబాలు మా పల్లెలో బాడుగకు దిగినాయి. వాళ్ళు పడమటి తాలూకాల వాళ్ళు, తెలుగు సరిగా రాదు. ఆర్డరు ఎక్కువ ఉన్న వారంలో ఆదివారం మధ్యాహ్నం కూడా మిషను మీద కూర్చోవాలి. వాళ్ళు అడిగింది న్యాయమే. కన్నడ ఆరాధన విడిగా, పొద్దున్నే గంటంబావులో ముగించండి అన్నారు.

పాతవాళ్ళకు అది వేరేగా వినపడింది. ఈ గుడి గోడలకు రాళ్ళు మోసింది మా తాతలు అని ఒకరన్నారు. మేముండేది కర్ణాటకలో, కన్నడ ముందుండాలి కదా అని ఇంకొకరన్నారు. అంతవరకైతే సరిపోయేది. ఒక ఆదివారం ఆరాధన అయినాక బయట వేపచెట్టు కింద ఎవరో "అంతగా తెలుగు కావాలంటే ఆంధ్రకు పోండి" అనేశారు. దానికి జవాబుగా "మా గుడికి వచ్చి మాకే చెప్తారా" అని ఎవరో అన్నారు. ఈ రెండు మాటలూ ఎవరు అన్నారో ఊరందరికీ తెలుసు. ఇక్కడ రాయను.

ఆ తర్వాత బెంచీలు విడిపోయినాయి. కుడి పక్క కన్నడ, ఎడమ పక్క తెలుగు. ఎవరూ అలా కూర్చోమని చెప్పలేదు, వాళ్ళంతట వాళ్ళే జరిగినారు. క్రిస్మస్‌కు పాటలు పాడుతూ ఇల్లిల్లూ తిరిగే జట్టు కూడా రెండైంది. ఒక రాత్రి రెండు జట్లూ ఒకే ఇంటి ముందు ఎదురుపడినాయి. ఆ ఇంటాయన చర్చికి వచ్చేవాడు కూడా కాదు, వాళ్ళది కిరాణా అంగడి. పాపం, రెండుసార్లు టీ పెట్టించినాడు. "ఏమప్పా, మీ ఏసుసామి రెండుసార్లు పుట్టినాడా?" అని అడిగినాడంట. మా నాయన ఆ మాట ఇంట్లో చెప్పి నవ్వబోయి నవ్వలేకపోయినాడు.

జనవరిలో సంఘ కూటం పెట్టినారు. రెండు ఆరాధనలు పెట్టుకుందాం, ఏడు గంటలకు కన్నడ, పది గంటలకు తెలుగు అని దాదాపు అందరూ ఒప్పుకున్నారు. గొడవ లేకుండా తేలిపోతోందని పెద్దలకు కూడా నెమ్మదిగా ఉంది. లెక్కలు చూసే అన్న ఒక కాగితం తీసుకొని ఏది ఎవరికో రాయడం మొదలుపెట్టినాడు. మైకు సెట్టు ఇద్దరికీ. హార్మోనియం ఇద్దరికీ. కానుకలు ఎవరివి వాళ్ళకు. కుర్చీలు సగం సగం. అప్పుడు వెనక చాప మీద కూర్చున్న మా అవ్వ లేచి, "బియ్యం డబ్బా ఎవరికి నాయనా?" అనింది.

ఈ డబ్బా సంగతి చెప్పాలి. మా సంఘంలో ఆడవాళ్ళకు ఒక పద్ధతి ఉంది. పొయ్యి మీద ఎసరు పెట్టి బియ్యం కడిగే ముందు ఒక పిడికెడు తీసి పక్కన చిన్న డబ్బాలో వేస్తారు. ఇంట్లో ఎంతమంది తినేవాళ్ళున్నా, ఆ రోజు బియ్యం తక్కువున్నా, పిడికెడు మాత్రం తీస్తారు. ఆదివారం దాన్ని తెచ్చి చర్చి వాకిట్లో ఉన్న పెద్ద డబ్బాలో పోస్తారు. తెలుగు సంఘాలు చాలా చోట్ల ఇలా చేస్తాయని, ఇది పాతకాలం నుంచి వస్తున్న అలవాటని మా అయ్యగారు చెప్పినారు. మా దగ్గర జొన్నలు కూడా వస్తాయి. ఆ డబ్బా నిండితే ఎవరూ లేని ముసలివాళ్ళకు, మొగుడు చనిపోయి పిల్లలున్న వాళ్ళకు పంచుతారు. ఎవరికి ఎంత పోయిందో మా అవ్వకు, ఇంకా ఇద్దరు ఆడవాళ్ళకు తప్ప తెలియదు. నాకు కూడా చెప్పదు.

భక్తి అంటే ఏందని ఎవరైనా నన్ను అడిగితే నాకు ముందుగా ఆ పిడికెడే గుర్తొస్తుంది. మా అవ్వ తెల్లవారుజామున నాలుగున్నరకు లేచి, దుప్పటి కప్పుకొని, గోడకు ఆనుకొని ప్రార్థన చేస్తుంది. మిరపకోతల కాలంలో కూలికి పోవాలి కాబట్టి ప్రార్థన చిన్నదవుతుంది గాని పిడికెడు చిన్నది కాదు. ఒకసారి జ్వరం వచ్చి పడుకున్నప్పుడు నన్ను పిలిచి, "నా చేత్తో తీసేదంత తియ్యి, నీ చెయ్యి చిన్నది, రెండుసార్లు తియ్యి" అనింది.

కూటంలో అవ్వ అడిగిన ప్రశ్నకు కాగితం పట్టుకున్న అన్న ముందు సులభంగానే జవాబు చెప్పినాడు. రెండు డబ్బాలు కొందాం అన్నాడు. అప్పుడు కుడి పక్క నుంచి ఒక అజ్జి లేచింది. ఆమె కన్నడ ఆమె, కొడుకు పోయినాక ఒక్కతే ఉంటుంది. డబ్బాలోని బియ్యం ఆమె ఇంటికి పోతుందని అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు గాని. ఎవరికీ తెలియనిది ఏందంటే, ఆ బియ్యం వండుకునే ముందు ఆమె కూడా పిడికెడు తీసి ఆదివారం మళ్ళీ అదే డబ్బాలో పోస్తుంది. ఆమె మెల్లగా, "నన్న హిడి యావ డబ్బక్కె హాకలి?" అని అడిగింది. నా పిడికెడు ఏ డబ్బాలో వెయ్యాల అని.

కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అయ్యగారు ఈ సంగతి మూడు నెలలు ఆపుదాం అన్నారు. అంతే, కూటం ముగిసింది.

ఏదో సినిమాలో లాగా అందరూ ఏడ్చి కౌగిలించుకున్నారని మీరు అనుకోవద్దు. బెంచీలు ఇంకా విడివిడిగానే ఉన్నాయి. కాని కాగితం మాత్రం చించేసినారు.

ఆ మూడు నెలల్లో అయ్యగారు శనివారం సాయంత్రం యూత్ కూటంలో మాకు పాత సంగతులు చెప్పినారు. నాకు చరిత్ర అంటే తేదీలు బట్టీ పట్టడమే అనుకునేదాన్ని. ఇది మాత్రం మా ఇంటి సంగతి లాగా ఉండింది.

లండన్ మిషన్ వాళ్ళు బళ్ళారికి 1810లో వచ్చినారు. మొదట వచ్చిన జాన్ హ్యాండ్స్ అనే ఆయన ఇక్కడే ఉండి బైబిలును కన్నడలోకి మార్చినారు. మొత్తం కన్నడ బైబిలు 1831 నాటికి అచ్చయింది. అదే బళ్ళారిలో తర్వాత పనిచేసిన వార్డ్‌లా దొర, ఇప్పటికీ ఊళ్ళో ఆయన పేరుతో విద్యాసంస్థ ఉంది కదా, ఆయనే, ఆ తర్వాత విశాఖపట్నం పోయి జాన్ హే అనే ఆయనతో కలిసి తెలుగు బైబిలు పని చేసినారు. అంటే మేము ఏ భాష కోసం కొట్లాడుకున్నామో ఆ రెండు భాషల బైబిళ్ళకూ మా ఊరి గాలి కొంచెం తగిలింది.

ఇంకొక సంగతి. మనం ఇప్పుడు సి.ఎస్.ఐ. అంటున్న దక్షిణ ఇండియా సంఘం ముందు నుంచి ఒకటిగా లేదు. ఆంగ్లికన్ల వాళ్ళకు బిషప్పులు, అచ్చు ప్రార్థన పుస్తకం ఉండేవి. లండన్ మిషన్ సంఘాలకు బిషప్పే లేడు, ఎవరి సంఘాన్ని వాళ్ళే నడుపుకునేవారు. మెథడిస్టుల దారి ఇంకొకటి. ముందుగా 1908లో లండన్ మిషన్ సంఘాలు, ప్రెస్బిటేరియన్లు, ఇంకా కొందరు కలిసి ఒక సంఘం అయినారు. ఆంగ్లికన్లతో కలవాలన్న మాట 1919లో తరంగంబాడిలో జరిగిన కూటంలో మొదలైంది. అన్నీ కలిసి సి.ఎస్.ఐ. అయింది 1947 సెప్టెంబరు 27న, మద్రాసులో. మధ్యలో ఇరవై ఎనిమిది ఏండ్లు మాట్లాడుకుంటూనే ఉన్నారు. దానికోసం ఎక్కువ కష్టపడిన వాళ్ళలో దోర్నకల్ బిషప్పు అజరయ్యగారు ఒకరు. ఆయన తమిళనాడులో పుట్టి, తెలుగు నేర్చుకొని, మన తెలుగు పల్లెల్లో పనిచేసినారు. 1912లో బిషప్పు అయినారు, మన దేశం నుంచి ఆంగ్లికన్ బిషప్పు అయిన మొదటివారు ఆయనే. 1945 జనవరి 1న చనిపోయినారు. కలవడం ఆయన కండ్లతో చూడలేదు.

ఇంతా చేసి అందరూ కలవలేదు కూడా. మనకు దగ్గరలోనే ఉన్న నంద్యాల పక్క ఆంగ్లికన్ సంఘాలు చాలావరకు 1947లో మేము రామని బయటే ఉండిపోయినాయి. వాళ్ళు మళ్ళీ వచ్చి సి.ఎస్.ఐ.లో చేరేసరికి 1970లు సగం గడిచినాయి. అయ్యగారు ఈ సంగతి చెప్పినప్పుడు నేను మూడు నెలలు గడువు ఎందుకు పెట్టినారని అడగడం మానుకున్నాను.

నాకు వీటన్నిటిలో బాగా పట్టుకున్నది 1947లో వాళ్ళు చేసుకున్న ఒక ఒప్పందం. ఏ సంఘం మీదా దానికి అలవాటు లేని ఆరాధన పద్ధతిని గాని, దాని మనసు ఒప్పుకోని బోధకుణ్ణి గాని బలవంతంగా రుద్దకూడదు అని ముందే మాట ఇచ్చుకున్నారు. ఒకటి కావడమంటే ఒకరిలాగా ఇంకొకరు మారిపోవడం అని నేను అనుకునేదాన్ని. వీళ్ళు మారమని అడగకుండానే కలిసినారు. మోకరించేవాళ్ళు మోకరించినారు, కూర్చొని ప్రార్థించేవాళ్ళు కూర్చున్నారు.

బైబిల్లో ఫిలిప్పీ అనే ఊరి సంఘానికి పౌలు రాసిన చిన్న ఉత్తరం ఉంది, నాలుగే అధ్యాయాలు. ఆయన సంకెళ్ళలో ఉండి రాసినారు. అయినా ఆ ఉత్తరం నిండా సంతోషం మాటే. సండే స్కూల్లో మాకు ఆ సంతోషం గురించే చెప్తారు. చివరి అధ్యాయంలో యువొదియ, సుంటుకే అనే ఇద్దరు ఆడవాళ్ళను ఒక్క మనసుతో ఉండమని ఆయన బతిమాలుతారు. ఇద్దరూ ఆయనతో కలిసి సువార్త కోసం కష్టపడినవాళ్ళే. ఎందుకు కొట్లాడినారో ఉత్తరంలో లేదు. తర్వాత కలిసినారో లేదో కూడా లేదు. మా యూత్ కూటంలో ఒక అన్న "బహుశా బెంచీ కోసమే అయి ఉంటుంది" అన్నాడు.

మూడు నెలలు అయినాక చేసుకున్న ఏర్పాటు ఇది. ఆరాధన ఒక్కటే. ఒక ఆదివారం వాక్యం తెలుగులో, చివర ఐదు నిమిషాలు కన్నడలో సారాంశం. తర్వాతి ఆదివారం తిరగబడి. ప్రార్థన ఎవరి భాషలో వాళ్ళు. మొత్తం గంటన్నరలో ముగియాలి, గడియారం చూసే పని జీన్స్ కుట్టే అన్నల్లో ఒకరికి ఇచ్చినారు. ఆయన దాన్ని చాలా భక్తిగా చేస్తాడు. అయ్యగారి వాక్యం సాగుతుంటే లేచి నిలబడతాడు, అంతే, ఏమీ అనడు.

పాటలు మాత్రం చిక్కు అయినాయి. ఇప్పటిదాకా తెలుగువాళ్ళు పాడేటప్పుడు కన్నడవాళ్ళు ఊరికే ఉండేవాళ్ళు, వాళ్ళు పాడేటప్పుడు మనవాళ్ళు. మా దగ్గర ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకాలున్నాయి, వాళ్ళకు వాళ్ళ పుస్తకాలున్నాయి. మా అవ్వకు తెలుగు చదవడం వచ్చు, రాత్రిబడిలో నేర్చుకుంది. కన్నడ చదవడం రాదు. అప్పుడు నేను, నా స్నేహితురాలు ఒక పని పెట్టుకున్నాం. ఆమె కన్నడ మీడియం. వాళ్ళ పాట నేను తెలుగు అక్షరాల్లో రాస్తాను, మా పాట ఆమె కన్నడ అక్షరాల్లో రాస్తుంది. రెండూ ఒకే నోటుబుక్కులో ఎదురెదురు పేజీల్లో వస్తాయి. ఎవరికి అర్థం కాకపోయినా నోరు కలుస్తుంది కదా.

ఇది సులభం అనుకున్నాం. రెండు లిపులూ అక్కచెల్లెండ్ల లాగా ఉంటాయి. క, త, శ లాంటి కొన్ని అక్షరాలు వేరు, తలకట్టు వేరు, మిగతావి చాలావరకు ఒకరి ముఖం ఒకరికి ఉంటుంది. అక్షరాలతో ఇబ్బంది లేదు, మాటలతోనే వచ్చింది. వాళ్ళు ప్రభువును కర్త అంటారు. నాకు కర్త అంటే తెలుగు వ్యాకరణంలో కర్త, కర్మ, క్రియ. ఆ పాట మొదటిసారి పాడినప్పుడు మా క్లాసు వాళ్ళు ఇద్దరు నవ్వు ఆపుకోలేక తల వంచుకున్నారు. మనం సంఘం అంటే వాళ్ళు సభె అంటారు. మనకు ప్రేమ, వాళ్ళకు ప్రీతి. వాళ్ళ పాటలో హాడు అని వస్తే పాడు అని అర్థం. మా కన్నడ మేడం ఒక కిటుకు చెప్పినారు. మన ప చాలా మాటల్లో వాళ్ళకు హ అయింది. పాలు హాలు, పులి హులి, పల్లె హళ్ళి. అది విన్న రోజు ఇంటికి పోయి మా అవ్వతో, "అవ్వా, నీ పిడి, ఆ అజ్జి హిడి ఒకటే మాట తెలుసా" అన్నాను. అవ్వ పెద్దగా ఆశ్చర్యపోలేదు. "ఒకటే డబ్బాలో పడతాయి గదా" అని బియ్యం చెరుగుకుంటూ కూర్చుంది.

ఇక సంతోషం గురించి. భక్తి ప్రయత్నంతో వస్తుంది, ఐక్యత ఓపికతో వస్తుంది, సంతోషాన్ని మాత్రం ఎవరూ కూటం పెట్టి తీర్మానం చెయ్యలేరు. అది మా దగ్గర ఒక గుమ్మడికాయ రూపంలో వచ్చింది.

ఏటా కోతపండుగ చేస్తాం. పొలంలో పండిన వాటిలో మొదటివి తెచ్చి దేవుని ముందు పెడతారు. మిరపకాయలు, జొన్నకంకులు, పత్తి, కూరగాయలు, కోళ్ళు. పొలం లేనివాళ్ళు కొబ్బరికాయో, సబ్బో, తమకు చేతనైంది తెస్తారు. జీన్స్ అన్నలు పిల్లల ప్యాంట్లు కుట్టి తెచ్చినారు. ఆరాధన అయినాక అన్నీ వేలం వేస్తారు, ఆ డబ్బు సంఘానికి. ఆ ఏడు పైకప్పు రేకులకని చెప్పినారు. వేలం పాట రెండు భాషల్లో. "ఒకటోసారి, ఎరడనే సారి" అని.

ఒక పెద్ద గుమ్మడికాయ వచ్చింది. యాభై రూపాయల దగ్గర మొదలైంది. ఎడమ పక్క నుంచి ఒక పెద్దాయన, కుడి పక్క నుంచి ఒక జీన్స్ అన్న పట్టుబట్టి పెంచుకుంటూ పోయినారు. వేపచెట్టు కింద మాటలు అయినప్పటి నుంచి వాళ్ళిద్దరికీ పలకరింపు లేదు. రెండు వందలు. ఐదు వందలు. అందరూ నిశ్శబ్దం అయిపోయినారు. ఇది గుమ్మడికాయ ధర కాదని పిల్లలకు కూడా అర్థమైంది. తొమ్మిది వందలు అని పెద్దాయన చెయ్యెత్తినాడు. అప్పుడు ఆడవాళ్ళ పక్క నుంచి ఆయన భార్య గట్టిగా, "యో, ఆ గుమ్మడికాయ మన చేనిదే! పొద్దున నేనే గదా తెచ్చింది!" అని అరిచింది.

ఒక్క క్షణం ఎవరికీ అర్థం కాలేదు. కన్నడవాళ్ళకు పక్కవాళ్ళు చెప్పేదాకా ఇంకొక క్షణం. ఆ తర్వాత గుడి రేకులు ఎగిరిపోతాయేమో అన్నంత నవ్వు. పెద్దాయన కూడా కండువా నోటికి అడ్డం పెట్టుకొని నవ్వినాడు. జీన్స్ అన్న "వెయ్యి" అన్నాడు, ఆయనకే కొట్టేసినారు. తీరా చేతికి వచ్చినాక, నేను ఒక్కణ్ణే రూములో ఉంటాను, ఇంత పెద్ద కాయ కొయ్యడానికి నా దగ్గర కత్తి కూడా లేదు అని దాన్ని తెచ్చి వంట దగ్గర పెట్టినాడు. ఆ రోజు మధ్యాహ్నం అందరి ఆకుల్లో గుమ్మడికాయ కూర ఉండింది. పెద్దాయన భార్యే తాలింపు వేసింది. ఆమె చేసేది ఎప్పుడూ కారం ఎక్కువే, ఆ రోజు కూడా ఎక్కువే.

మనసులు కలిస్తే కలిసి పని చేస్తారని పెద్దలు అంటుంటారు. మా దగ్గర తిరగబడి జరిగిందని నాకు అనిపిస్తుంది. మనసులు కలవక ముందే ఒకే డబ్బాలో బియ్యం పోస్తూ ఉన్నారు, ఒకే రేకులకు డబ్బు ఇస్తూ ఉన్నారు. చేతులు ముందు పోయినాయి, మనసులు వెనకాల మెల్లగా నడిచి వస్తున్నాయి. కొన్ని ఇంకా రాలేదు. ఇప్పటికీ కొందరు కుడి పక్కే, కొందరు ఎడమ పక్కే కూర్చుంటారు. చిన్నపిల్లలు మాత్రం ఎక్కడ ఫ్యాను ఉంటే అక్కడ.

నాలుగు ఇండ్లవాళ్ళు తిరిగి రానే లేదు. వాళ్ళు టౌనులో వేరే చర్చికి పోతున్నారు. వాళ్ళ మీద మాకెవరికీ కోపం లేదని చెప్పలేను, కొందరికి ఉంది. ఆ నాలుగు ఇండ్లల్లో ఒకటి నా స్నేహితురాలిది. వాళ్ళ నాయన మనసు బాగా నొచ్చుకున్నాడు. ఆయన రాడు, ఇంట్లోవాళ్ళను రమ్మని అనడు. కాని నోటుబుక్కుకు మాత్రం అడ్డం చెప్పలేదు. శనివారం సాయంత్రం నేను వాళ్ళింటికి పోతాను. అరుగు మీద కూర్చొని ఆమె ఒక పేజీ, నేను ఒక పేజీ రాస్తాం. పోయిన శనివారం మేము ఒక పాటలో మాట దగ్గర ఆగిపోతే, లోపల నుంచి ఆయనే ఆ లైను రాగం తీసి పాడి వినిపించినాడు. తర్వాత మళ్ళీ పేపరు చదువుకుంటూ కూర్చున్నాడు.

ఇప్పుడు నలభై మూడో పాట దగ్గర ఉన్నాం. అది కన్నడ పాట, ఐదు చరణాలు. నాలుగో చరణంలో ఒక పాతకాలం మాట ఉంది, మా కన్నడ మేడంకు కూడా వెంటనే తెలియలేదు. ఈ శనివారం ఆయన్నే అడగాలని అనుకున్నాం.